డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము – విద్యాదాతలకొక విన్నపము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యావిషయమై కొంత ముచ్చటింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్య గొప్పదని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున సామాన్యస్తోత్రము మాని, గోదావరీజలము త్రావి పెరిగి, శరీరధర్మశాస్త్రమునందును వైద్యమునందును లోకవిఖ్యాతి గాంచిన యొక మహనీయుని చరిత్రమును మీ ముందుంచి, దానినుండి మన విద్యానిధి గ్రహింపదగిన పాఠమేదియో విన్నవింపదలచితిమి. ఆ మహనీయులు భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు మన కులమువారు కారే, మన సభలో వారి ప్రసంగమేల యని కొందఱడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. వారు మన కులమువారు కారు. వారికి దారిచూపిన ధర్మదాతయు మన కులమువారు కారు. ఆ యిద్దఱును ఒకే కులమువారును కారు. ఈ మూడు మాటలలోనే మేము చెప్పవలసిన విషయమంతయు ఇమిడియున్నది. తక్కినది దానికి వివరణము మాత్రమే.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేడు పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైయున్న భీమవరమున, నియోగి బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. తండ్రి అనారోగ్యముచేత ఉద్యోగమునుండి ముందుగనే విరమింపవలసివచ్చెను. అంతటితో ఇల్లు గడచుటయే కష్టమాయెను.

పేదఱికము పిల్లలకు పెద్దల ఆలోచనలు పుట్టించును. ఈ బాలుడు కాశీక్షేత్రమునకు పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని తలంచి ఇల్లు విడిచి పాఱిపోయెను. తల్లి వెనుకకు రప్పించి, చదువు మానరాదని గట్టిపట్టు పట్టిరి. రాజమహేంద్రవరమున చదువు సాగినది కాని సుఖముగా సాగలేదు. ఇంట దగ్గఱివారి మరణములు, రోగములు, ధనలోపము వారిని వెన్నాడినవి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. తండ్రి పోయిన పిదప ఆ చదువునకై తల్లి తన నగలమ్ముకొనిరి. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనుడు; దీనితో మనకు మఱల పని కలదు.

అటుపిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలయందు ఇంటర్మీడియెటు చదివి, రామకృష్ణమఠమున చేరి సన్యసింపగోరిరి. తల్లి సమ్మతింపలేదు. దీనజనసేవకు వైద్యమును ఒక మార్గమేయని నిశ్చయించుకొని వారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ఆనాడు సర్కారుజిల్లాలయందు వైద్యకళాశాలయే లేదు. విశాఖపట్టణపు కళాశాల 1923లోను, గుంటూరు కళాశాల 1946లోను, కాకినాడయందలి రంగరాయ వైద్యకళాశాల 1958లోను వెలసినవి. నేడు గోదావరిసీమ బిడ్డ ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరునంత దూరములో వైద్యము నేర్చుకొనుచున్నాడు. ఆనాడు చెన్నపట్టణమున ఇల్లద్దె, భోజనము, జీతము, పుస్తకములు, అన్నియు కొనవలసినవే. స్నేహితులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడుటచే చదువు సాగినది. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమైనది.

ఆ దినములలో గాంధీమహాత్ముడు విదేశవస్త్రములను విడువుడని పిలుపునిచ్చెను. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలోనికి ఖద్దరు దుస్తులు ధరించిపోయిరి. శస్త్రచికిత్సాచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరవారికి అది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో బాగుగనే ఉత్తరములు వ్రాసినను, తుదకు వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించినది. ప్రభుత్వవైద్యశాఖలో చేర ప్రయత్నించిరి, అదియు దొరకలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉపాధ్యాయులుగా కుదిరిరి.

ఇంతవఱకు చెప్పిన చరిత్రమును మన విద్యానిధివారి దరఖాస్తు కాగితముమీద వ్రాసి చూతము. మెట్రిక్యులేషను: రెండుమార్లు తప్పినది. వైద్యపట్టము: తక్కువ తరగతి. ఉద్యోగము: ప్రభుత్వము నిరాకరించినది. నడవడి: ఒకమారు ఇల్లు విడిచి పోయెను, ఒకమారు సన్యసింపబోయెను, పై యధికారికి కోపము తెప్పించెను. ఇట్టి దరఖాస్తు మన ముందునకు వచ్చిన, ఎందఱము దానిని పక్కకు నెట్టకుందుము?

ధర్మనిధి చేసిన మేలు

సుబ్బారావుగారిని పరిశోధనవైపు త్రిప్పినది కీర్తికాంక్ష కాదు. వారి సోదరులిద్దఱు స్ప్రూ యను గ్రహణివ్యాధిచే కొలది దినముల వ్యవధిలో మరణించిరి. ఆ రోగమున ఆహారము ఒంటబట్టదు, నెత్తురు పలచబడును, మనిషి క్షీణించి క్షీణించి పోవును. కొంతకాలమునకు అదే వ్యాధి వారికిని తగులుకొనెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే వారు బ్రతికిరి. తనను బ్రతికించిన మందులో నేమున్నదో, తన సోదరులకు లోపించినదేమియో తెలిసికొనవలెనను తపన అప్పటినుండి వారిని విడువలేదు. ఆ కాలముననే రాక్‌ఫెల్లరు సంస్థ పక్షమున వచ్చిన యొక అమెరికా వైద్యుని పరిచయము కలిగినది. అమెరికాకు పోయి ఉన్నతపరిశోధన చేయవలెనను ఉద్దేశము బలపడినది.

కాని ధనమెక్కడిది? ఇచ్చట మన సభ చెవియొగ్గి వినవలెను. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యున్నది. నాయకరుగారు అగ్నికులక్షత్రియ కుటుంబమున పుట్టినవారు. కోరంగి, కాకినాడ రేవులనుండి ఓడలెక్కి బర్మాకు పోయిన వేలకొలది తెలుగువారివలెనే వారును సముద్రము దాటి, రంగూనులో స్వశక్తిచే మిక్కిలి ధనము గడించి, ఆ ధనమును ధర్మకార్యములకై వ్రాసియిచ్చిరి. ఆ ధర్మసంస్థవారు సాయము చేయుదుమని మాట ఇచ్చుటచేతను, మామగారు తమ చేతనైనంత తోడ్పడుటచేతను సుబ్బారావుగారి ప్రయాణము నిశ్చయమైనది. 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన వారు బోస్టను నగరమున దిగిరి.

సముద్రముమీద చెమటయోడ్చి ఒక కులమునందలి వ్యాపారి గడించిన ద్రవ్యము, వేఱొక కులమునందలి పేదవైద్యుని సముద్రము దాటించినది. దాత అప్పటికి జీవించిలేరు. తమ ధనము ఎవరికి ఉపయోగించినదో వారెఱుగరు. ధర్మమనగా నట్టిది. నాటినవాడు నీడను కోరడు.

బోస్టనులో సుఖము ఎదురుచూడలేదు. సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో చేరి మఱుసటి సంవత్సరము డిప్లొమా పొందిరి. ఆ దేశమున వైద్యవృత్తి సాగించు అధికారము లేనందున, పొట్టపోసికొనుటకై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనియు చేసిరి. పగలు పరిశోధన, రాత్రి ఊడిగము. మన పిల్లలలో పనికి సిగ్గుపడువారికి ఈ సంగతి చెప్పవలెను.

కండరములయందలి శక్తి

ఇక వారి శాస్త్రకృషిని సభ్యులందఱకు బోధపడునట్లు సంగ్రహముగా చెప్పెదము.

మనము చేయెత్తినను, నాగలి పట్టినను, మెట్లెక్కినను, కండరములు ముడుచుకొనుటచేతనే ఆ పని జరుగుచున్నది. ఆ శక్తి యెక్కడినుండి వచ్చుచున్నది? శరీరధర్మశాస్త్రమున ఇది ముఖ్యప్రశ్న. కండరమునందు నిలువయున్న పిండిపదార్థము లాక్టిక్ ఆమ్లముగా మాఱుటయే ముడుచుకొనుటకు ప్రత్యక్షకారణమని ఆనాటి పండితులు నమ్ముచుండిరి. ఈ విషయమున కృషి చేసిన ఇంగ్లండు పండితుడు హిల్లునకును, జర్మనీ పండితుడు మెయర్‌హాఫునకును 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము పంచియిచ్చిరి.

సుబ్బారావుగారు హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కు అను ఆచార్యునియొద్ద చేరిరి. నెత్తుటియందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో కొలుచుటకు తగిన పద్ధతిని కనిపెట్టుట వారికప్పగింపబడిన పని. పరీక్షింపదగిన రసమునకు కొన్ని రసాయనములు కలిపినచో నీలివర్ణము పుట్టును. ఆ నీలిమ యెంత గాఢముగ నున్నదో చూచి భాస్వరమెంత యున్నదో లెక్కకట్టవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను పేర ప్రపంచమందలి పరిశోధనశాలలలో వాడుకకు వచ్చినది. ఇప్పటికిని జీవరసాయనవిద్యార్థులు ఆ పేరెఱుగుదురు.

ఈ పద్ధతితో కండరరసమును పరీక్షించునప్పుడొక వింత కనబడెను. నీలివర్ణము ఎప్పటివలె త్వరగా రాక, మెల్లమెల్లగా ఎక్కుచుండెను. తొందరపాటుగల వారైనచో అది పద్ధతిలోని చిక్కని విడిచియుందురు. ఫిస్కును సుబ్బారావుగారును విడువలేదు. కండరములో భాస్వరము వేఱొక పదార్థముతో సులభముగా విడిపోవునట్లు కూడియున్నదనియు, ఆ పదార్థము క్రియాటిన్ అనియు తేల్చిరి. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. కండరము పనిచేసి అలసినప్పుడు అది తఱుగును. విశ్రమించినప్పుడు మఱల నిండును. ఈ విషయమును 1927లో ప్రకటించిరి. ఇంచుమించు అదేకాలమున ఇంగ్లండులో ఎగిల్‌టను దంపతులును ఈ జాడనే పట్టిరి. 1929లో ఫిస్కును సుబ్బారావుగారును ఒకవైపునను, జర్మనీలో లోమన్ పండితుడు వేఱొకవైపునను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును కండరములయందు కనుగొనిరి. నేడు పాఠశాలాబాలురుకూడ దానిని ఏ.టి.పి. యని పిలుచుచున్నారు. 1930లో డెన్మార్కు పండితుడు లుండ్స్‌గార్డు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము కొంతసేపు ముడుచుకొనునని నిరూపించెను. పాత సిద్ధాంతము కూలినది. ఇది కండరశాస్త్రమున విప్లవమని హిల్లు పండితుడే 1932లో వ్రాసెను.

డెల్టావాసులకు ఈ విషయము సులభముగ తెలియునట్లు చెప్పవచ్చును. ధవళేశ్వరపు ఆనకట్టనుండి కాలువలు పాఱుచున్నప్పుడు ఊరిచెరువు నింపుకొందుము. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో ఆ చెరువునుండి బిందెతో నీరు తెచ్చుకొని త్రాగుదుము. దాహము తీర్చునది బిందెలోని నీరే. బిందె ఒట్టిపోగానే చెరువునుండి నింపుకొందుము. చెరువు తఱిగిన పిదప కాలువ వదలినప్పుడు అది నిండును. శరీరమునందు ఏ.టి.పి. యనునది బిందె, ఫాస్ఫోక్రియాటిన్ ఊరిచెరువు, మనము తిను అన్నమును పీల్చు ప్రాణవాయువును కాలువ. కండరమునకే కాదు, ఏ జీవికైనను ఏ పనికైనను కావలసిన శక్తికి ఈ బిందెయే ఆధారమని తరువాతి పరిశోధనలవలన తేలినది. భీమవరపు బిడ్డ చేయి ఇంత మూలవిషయమునందు పడినది.

1930లో వారికి హార్వర్డువారు పిహెచ్.డి. పట్టమిచ్చిరి. కాని స్థిరమైన ఆచార్యపదవి మాత్రమీయలేదు.

పరిశోధనశాలాధిపత్యము

ఒక విద్యాపీఠము పీఠమీయనప్పుడు, వారు వేఱొకచోట పీఠమును నిర్మించుకొనిరి. న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను చోట లెడర్లీ ఔషధపరిశోధనశాలలు కలవు. 1940లో సుబ్బారావుగారు పూర్తికాలము అచ్చటనే పనిచేయ నారంభించి, త్వరలోనే పరిశోధనశాఖకంతకును అధిపతులైరి. వారు వైద్యకళాశాలాధ్యక్షులు కాలేదు. కాని రసాయనికులను, వైద్యులను, వృక్షశాస్త్రజ్ఞులను ఒక్కచోట చేర్చి, ప్రశ్నలు పంచిపెట్టి, ఫలితములను ఒక్కత్రాటికి తెచ్చిన ఆ పరిశోధనశాల ఏ వైద్యకళాశాలకును తీసిపోని విద్యాలయము. మెట్రిక్యులేషను తప్పిన బాలుడు పండితులకు గురువై కూర్చుండెను.

ఆ శాలనుండి వెలువడిన ఫలములలో నాలుగింటిని మాత్రము చెప్పెదము.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్సు అను వైద్యురాలు బొంబాయి మిల్లుకూలీ స్త్రీలలో గర్భిణులకు వచ్చు రక్తహీనత, ఈస్టు రసముచే కుదురుటను చూచి, ఇందులో తెలియని పోషకమొకటి కలదని ప్రకటించెను. ఆ పోషకమును కాలేయమునుండి వేఱుపఱచి, దాని నిర్మాణమును కనుగొని, 1945లో పరిశోధనశాలలోనే తయారుచేసినవారు సుబ్బారావుగారి బృందమువారు. స్ప్రూ రోగులకును అది గుణమిచ్చినది. సోదరులను మ్రింగిన వ్యాధికి ఇరువదియేండ్లు దాటిన పిదప వారు మందు తేగలిగిరి. ఆ నిర్మాణమును ప్రకటించిన 1946 నాటి వ్యాసమున పదునార్గురి పేర్లు కలవు. అధిపతి పేరు మొదటగాని చివరగాని లేదు. వారందఱి నడుమ నున్నది.

రెండవది ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు మందులు. పిల్లలకు వచ్చు తీవ్రమైన రక్తకేన్సరు ఆనాడు కొలది వారములలో ప్రాణము తీయుచుండెను. పెరల్ రివర్ శాలలో తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు పదునార్గురు పిల్లలకిచ్చి, పదిమందికి వ్యాధి తాత్కాలికముగా నెమ్మదించినదని 1948లో ప్రకటించెను. కేన్సరునకు మందుచికిత్స యను మార్గమునకు అది తొలి మెట్లలో నొకటి. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ అను మందు నేటికిని రక్తకేన్సరునకును కీళ్ళవాపునకును వాడుకలో నున్నది.

మూడవది డైఇథైల్ కార్బమజైన్. హెట్రజాన్ అను పేర 1947లో వెలువడిన ఈ మందు ఫైలేరియా క్రిములను నశింపజేయును. ఫైలేరియా యనగా మన యూళ్ళలో బోదకాలని పిలుచు వ్యాధికి మూలము. పసిఫిక్కు ద్వీపములలో యుద్ధము చేసిన అమెరికా సైనికులకు ఆ వ్యాధి సోకుటచే ఆ పరిశోధన త్వరపడినది. కాని దాని ఫలము ఎక్కువగా ననుభవించినది మనవంటి వారము. మురుగుకోడులును దోమలును గల ఈ డెల్టాలో బోదకాలు లేని యూరు మన తాతలెఱుగరు. 2004 మొదలు మన దేశమున వ్యాధిగల జిల్లాలలో ఏటేట ఇంటింటికి పంచిపెట్టిన మాత్ర ఇదియే.

నాల్గవది ఆరియోమైసిన్. డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞునికి లెడర్లీవారు పరిశోధనశాలలో చోటిచ్చిరి. ఆయన మిస్సూరీ విశ్వవిద్యాలయపు పొలమునందలి మట్టిలో నొక సూక్ష్మజీవిని కనుగొని, దానినుండి టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదానిని తెచ్చెను. అది 1948లో వాడుకలోనికి వచ్చెను. పరీక్షలు తప్పిన అధిపతిక్రింద, వయస్సు తీఱినదని ఇల్లు చేరిన పండితుడు ఈ పని చేసెను. మనుష్యుని యోగ్యతను కాగితముమీద నున్న అంకెతో కొలువరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే హృద్రోగముచే కాలధర్మము నొందిరి. 1922లో విడిచిన స్వదేశమును మఱల చూడలేదు. ధర్మపత్ని శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళ ప్రకటించినది. లోకమునకు కలిగిన లాభమును కొనియాడునప్పుడు, దాని వెల చెల్లించిన తల్లిని, భార్యను మఱువరాదు.

మన విద్యానిధి

ఇక మన ఇంటిమాట. మీ యామోదమునకై ఉంచబడిన విద్యానిధి నిబంధనలలో రెండింటిపై మా అభిప్రాయము వినిపింప ననుమతి వేడుచున్నాము. ఏ పరీక్షయందైనను ఒకమారు తప్పిన విద్యార్థికి వేతనమీయరాదనునది మొదటిది. మన కులమునకు చెందని వారికెవరికిని ఈయరాదనునది రెండవది.

మొదటి నిబంధనను తీసివేయుడని వేడుకొనుచున్నాము. తప్పినవారందఱును సుబ్బారావులగుదురని మేమనము. తప్పుట గొప్ప కాదు. కాని ఎందుకు తప్పెనో విచారింపక కాగితము పాఱవేయుట న్యాయము కాదు. ఇంట రోగముండెనా? రాత్రి పనికి పోవుచుండెనా? తప్పిన పిదప మఱల పుస్తకము పట్టెనా, విడిచెనా? ఉపాధ్యాయుడేమనుచున్నాడు? ఈ నాలుగు ప్రశ్నలు వేయుటకు ఒక చిన్న యుపసంఘము చాలును. మొదటిమారే గెలిచినవానికి తోడ్పడువారు చాలమంది దొరకుదురు. రెండుమార్లు తప్పి మూడవమారు కూర్చుండు పిల్లవానికి తల్లి నగలు తప్ప దిక్కు లేదు. ఏ తల్లియు నగలమ్ముకొననక్కఱలేకుండ చేయుటకే గదా నిధి యనునది!

రెండవ నిబంధన విషయమున మా మనవి కొంత జాగ్రత్తగ చెప్పుచున్నాము. నిధి స్వల్పము, మన పిల్లలే అనేకులు ఎదురుచూచుచున్నారు, ముందు ఇల్లు చక్కబెట్టుకొనవలదా యని పెద్దలందురు. అది నిజము. మన కులసంఘము మనవారి కొఱకే పుట్టినది. దానిని మేము కాదనము. కావున నిధిలో తొమ్మిదిపాళ్ళు మనవారికే యుంచుడు. పదియవపాలు మాత్రము గోదావరిసీమలో పుట్టిన ఏ కులపు పేదవిద్యార్థికైనను ఇచ్చునట్లు వ్రాయుడు. కాకినాడ ధర్మసంస్థవారు దరఖాస్తుదారుని కులము తమ దాత కులమేనా యని చూచి త్రిప్పిపంపియున్నయెడల, నష్టము నియోగులకు మాత్రమే కలిగియుండునా? బోదకాలు మాత్ర ఏ కులమువాని కాలునకు పనిచేయలేదు? మన యాడుబిడ్డలు గర్భిణులుగా నున్నప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఇనుముతో కలిపి ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఏ కులము పేరు వ్రాసియున్నది?

వెళ్ళినవాడు తిరిగిరాలేదు గదా, ఆ ధనము దేశమునకేమి మిగిల్చెనని యొక రాజపోషకులు మాతో ముచ్చటించుచు ప్రశ్నించిరి. పైన చెప్పిన మాత్రలే దానికుత్తరము. మనిషి తిరిగిరాలేదు; మందు తిరిగివచ్చినది. ఐనను ఆ ప్రశ్నలో నొక వేదన యున్నది. మన పిల్లలు నేడును సముద్రములు దాటుచున్నారు. వారు తిరిగిరావలెనని నిబంధన వ్రాసి బంధించుట సాధ్యము కాదు. కాని చదువు ముగిసి సంపాదన కలిగిన పిదప, తాము పొందినంత మొత్తమును వేఱొక విద్యార్థికై నిధికి చేర్తుమను మాట పుచ్చుకొనవచ్చును. అది అప్పు కాదు, వడ్డీ లేదు, కోర్టు లేదు, మాట మాత్రమే. మాట నిలుపుకొనువారే నిధిని పెంచుదురు.

చివరగా ఓర్పు. 1922లో చేసిన సాయమునకు 1925లో తొలి మొలక కనబడెను. ఫోలిక్ ఆమ్లము 1945లోను, బోదకాలు మందు 1947లోను చేతికి వచ్చినవి. ఇరువదియైదేండ్లు! కొబ్బరిమొక్క నాటిన రైతు మఱునాడే బోండము కోరడు. ఈ సంవత్సరము వేతనమిచ్చి వచ్చు సంవత్సరము నివేదికలో ఫలమేదియని అడుగు దాత, విద్యాదానము చేయుటలేదు, వ్యాపారము చేయుచున్నాడు. వ్యాపారము తప్పు కాదు. దానికి వేఱే చోట్లు కలవు.

కావున రాజపోషకులారా! మొదటి నిబంధన తొలగించియు, రెండవదానిని పదియవపాలు మేర సడలించియు, తిరిగి చేర్చెదమను మాటను విద్యార్థులనుండి పుచ్చుకొనునట్లు కొత్త నిబంధన చేర్చియు తీర్మానము గావింప ప్రార్థించుచున్నాము. మనలో ధనవంతులు కలరు, ఉదారులు కలరు. గోదావరికి ఇరువైపుల నేదో యొక పెంకుటింటిలో రెండుమార్లు తప్పి మూడవమారు చదువుచున్న బిడ్డ యొకడో యొకతెయో నేడును ఉండకపోరు. ఆ బిడ్డ దరఖాస్తు మన కార్యాలయమునకు చేరునప్పటికి మన నిబంధనలు దానిని చదువుటకు సిద్ధముగ నుండవలెను.